ఫోటోలో మధురవాణి చూపు

విజయనగరంలో చదువుకున్నవాళ్లకు ‘కన్యాశుల్కం’ పాఠ్యపుస్తకంలో కంటే ముందు వీధిలోనే తారసపడుతుంది. కోతలు కోసేవాణ్ణి గిరీశమంటారు, ఇరుపక్షాల మధ్యా తగవు పెట్టి తాను లాభపడేవాణ్ణి రామప్పపంతులంటారు, అలా అనేవాళ్లలో సగం మంది నాటకం చదివి ఉండరు. గురజాడ అప్పారావుగారు కాపురమున్న ఇల్లు ఆ ఊళ్లోనే ఉంది, ఆయన చదువుకుని ఆ తరువాత పాఠాలు చెప్పిన మహారాజా కళాశాల ఉంది, నాటకంలో తెర లేవగానే మనకు కనిపించే బొంకులదిబ్బ కోట దగ్గరే ఉంది. 2012 సెప్టెంబరు 21 నాటికి ఆయన పుట్టి 150 ఏళ్లు నిండుతాయని, ఆ సందర్భానికి విద్యార్థులే ఏదైనా చేయాలని మా తెలుగు మేష్టారు చెప్పినప్పుడు, వక్తృత్వపు పోటీలూ వ్యాసరచనలూ ఎలాగూ ఉంటాయి కాబట్టి, మేము కొద్దిమందిమి కలిసి నాటకంలోని ఒక రంగాన్ని లఘుచిత్రంగా తీస్తామన్నాము.

ఆ రోజుల్లో లఘుచిత్రాల జ్వరం కాలేజీలన్నింటికీ పాకి ఉంది. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే స్టూడియోలకు వీడియో కూడా తీయగల డీఎస్సెల్లార్ కెమెరాలు వచ్చేశాయి, యూట్యూబులో పెడితే ఊరంతా చూస్తుందన్న ధైర్యం కుర్రకారుకు వచ్చింది. అయితే వచ్చే చిత్రాలలో అధికభాగం ప్రేమకథలే. నాటకాన్ని, అందులోనూ నూరేళ్లు దాటిన నాటకాన్ని తీస్తామనేసరికి మా తోటివాళ్లు ఆశ్చర్యపోయారు. మేష్టారు మాత్రం ఒక్కటే షరతు పెట్టారు. ఏ రంగం తీయాలన్నది నిర్ణయించుకునే ముందు నాటకం మొత్తం, ఏడంకాలూ, అందరం కలిసి కూర్చుని గొంతెత్తి చదవాలన్నారు.

ఆ చదువు సాయంత్రాలలో, తరగతులు అయిపోయాక, ఖాళీ గదిలో సాగింది. ఒక్కొక్కరం ఒక్కొక్క పాత్ర తీసుకునేవాళ్లం, మర్నాడు పాత్రలు మార్చుకునేవాళ్లం. నాటకం మొత్తం ఒక్క రాత్రిలో ఆడడం ఎంత కష్టమో, రంగస్థలం మీద ఇన్నేళ్లుగా కుదించిన ప్రతులే ఎందుకు ఆడుతున్నారో అప్పుడు మాకు తెలిసింది. మేష్టారు తన చిన్నతనంలో జె.వి. రమణమూర్తిగారి గిరీశాన్నీ, జె.వి. సోమయాజులుగారి రామప్పపంతుల్నీ రంగస్థలం మీద చూసినవారు. రమణమూర్తిగారు ఒక మాట అని, ప్రేక్షకులు నవ్వడానికి ఎంతసేపు ఆగేవారో, ఆ నవ్వు పూర్తిగా అణగకముందే తరువాతి మాట ఎలా అందుకునేవారో, కుర్చీలోంచి లేచి మాకు చేసి చూపించేవారు. మేము 1955లో వచ్చిన సినిమాను కూడా చూశాము. ఎన్.టి. రామారావుగారు గిరీశంగా, సావిత్రిగారు మధురవాణిగా నటించిన ఆ చిత్రం మీద మాకెంత గౌరవమున్నా, దానినుంచి ఏదీ తెచ్చుకోకూడదని ముందే అనుకున్నాము. మూడు గంటల సినిమా కథనంతా చెప్పాలి కాబట్టి పరుగెత్తక తప్పదు. మాకు ఒకే ఒక్క రంగం చాలు, అక్కడ నిలబడి చూసే తీరిక ఉంది.

నాటకానికి అప్పారావుగారు మొదటి కూర్పులో ఇంగ్లీషులో రాసిన పీఠికను మేష్టారు చదివి వినిపించిన సాయంత్రం నేను మరిచిపోలేనిది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి వెల ఇచ్చి చేసుకున్న పెళ్లిళ్ల పట్టికను విజయనగరం మహారాజావారు తయారు చేయించగా 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయని, వారిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు ఐదేళ్లని, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడేనని అందులో ఉంది. ఏడాది వయసున్న ఆ పిల్లల వెల 350 నుంచి 400 రూపాయల వరకు పలికిందట. మేము అప్పటిదాకా విరగబడి నవ్వుకుంటూ చదివిన నాటకం ఈ లెక్క మీద నిలబడి ఉందని తెలిసినప్పుడు గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మా బృందంలోని ఒక అమ్మాయి, తరువాత మా చిత్రానికి దర్శకత్వం వహించినది, ఆ అంకెలను తన నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకుంది. ఏ రంగం తీసినా నవ్వు వెనక ఈ డబ్బు వినపడాలని ఆమె అన్నది. మా ఎంపికను నడిపించినది ఆ మాటే.

చివరికి మొదటి అంకంలోని మొదటి రంగాన్నే ఎంచుకున్నాము. బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడూ నిలబడి తన కష్టాలు తానే చెప్పుకుంటాడు, అతని శిష్యుడు వెంకటేశం వస్తాడు, గిరీశం దిగిన ఫోటోల బాకీ వసూలు చేయడానికి బంట్రోతు వస్తాడు. అందరికీ తెలిసిన రంగం, అందరూ ఆడిన రంగం, అందువల్లే కష్టమైనదని మేష్టారు హెచ్చరించారు. ఆ రంగంలో ఎన్నో హాస్యపు మాటలున్నాయి, ఒక్కటి తీసేసినా ప్రేక్షకుడు అడుగుతాడు. గొంతెత్తి చదివితే అరగంటకు తక్కువ పట్టదు, మాకేమో పదినిమిషాల చిత్రం కావాలి.

సంభాషణలు కుదించే పని నాకు అప్పగించారు. మొదట నేను నవ్వు రాని వాక్యాలను కొట్టివేస్తూ పోయాను. మేష్టారు ఆ కాగితాలు చూసి, వాక్యాలను చూడకురా, మనుషులను చూడు, ఎవడికేం కావాలో రాసుకురా అన్నారు. రాసుకుని చూస్తే ఆశ్చర్యంగా మూడూ ఒకటే. గిరీశం పూటకూళ్లమ్మకు సంతలో సామాన్లు కొనిపెడతానని ఇరవై రూపాయలు పుచ్చుకుని, వాటిని వేశ్య మధురవాణి కోసం ఖర్చు పెట్టేసినవాడు, ఇక ఊళ్లో ఉండడం కుదరనివాడు. వెంకటేశం పరీక్ష తప్పాడు, ఇంట్లోవాళ్లు తన చదువుకు పోసిన డబ్బుకు జవాబు చెప్పుకోవలసినవాడు. బంట్రోతు సరాసరి బాకీకే వచ్చినవాడు. బాకీలన్నీ ఒక్కచోట చేరిన సాయంత్రం అది. ఆ తరువాత నా పని తేలికైంది. డబ్బు నడిచే వాక్యమల్లా ఉంచాను. పుస్తకాల పేరు చెప్పి ఇంటినుంచి డబ్బు రాబట్టే ఆ జాబితాను ఎవరెంత చెప్పినా తీయలేదు. ‘నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్’ అన్న మాట కూడా హాస్యం కోసం కాక, ట్యూషను చెప్పినందుకు గిరీశం చూపించే రశీదుగా నిలిచింది. విధవా వివాహాల గురించి అతను చెప్పే గొప్పలు ఎంతో ఇష్టమైనవి, కాని అవి వదులుకోవలసి వచ్చింది. అవి వెంకటేశం అక్క, విధవ అయిన బుచ్చమ్మ కథకు చెందినవి, ఆమె లేని చిత్రంలో వాటికి చోటు లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

కథను ఈ కాలానికి మార్చుదామన్న వాదన కూడా నడిచింది. గిరీశం చేతిలో సెల్‌ఫోను, వెంకటేశం ఇంజినీరింగు సప్లిమెంటరీలు రాస్తున్న కుర్రాడు, ఫోటోల బాకీకి బదులు క్రెడిట్ కార్డు బాకీ, ఇలా మా మిత్రుడొకడు చక్కగా రాసుకొచ్చాడు. చదివితే నవ్వు వచ్చింది, బాగుంది కూడా. అయితే నాటకం ఇప్పటికీ పాతబడలేదని చెప్పడానికి గిరీశం చేతికి ఫోను ఇవ్వనక్కరలేదని మాలో ఎక్కువమందికి అనిపించింది. అతను కోటు వేసుకుని చుట్ట పట్టుకుని నిలబడినా, చూసేవాళ్లు తమ వీధిలోని గిరీశాన్ని గుర్తుపడతారని మా నమ్మకం. చుట్ట విషయంలో మాత్రం కాలేజీ ఆవరణలో గానీ వీధిలో గానీ వెలిగించేది లేదని పెద్దలు ఖచ్చితంగా చెప్పారు. మా గిరీశం చిత్రమంతా వెలిగించని చుట్టనే వేళ్ల మధ్య తిప్పుతూ ఉంటాడు, నిప్పు కోసం జేబులు వెతుకుతూ ఉంటాడు. పొగ తాగనివాడు దున్నపోతై పుడతాడని పద్యం చెప్పేవాడికి అగ్గిపెట్టె కొనడానికి కూడా డబ్బు లేదన్నమాట. అవసరం నుంచి పుట్టిన ఆ చిన్న విషయం మేము కోరుకున్న అర్థానికి సరిగ్గా అమరింది.

స్వగతం దగ్గర మేము చాలా రోజులు ఆగిపోయాము. రంగస్థలం మీద నటుడు ముందుకు వచ్చి ప్రేక్షకులతో మాట్లాడితే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. సినిమాలో మనిషి ఒంటరిగా నిలబడి పైకి మాట్లాడితే పిచ్చివాడిలా కనబడతాడు. అందుకని సినిమావాళ్లు చేసే పనే మేమూ మొదట చేశాము. గిరీశం పెదవి కదపకుండా నడుస్తూ ఉంటాడు, అతని ఆలోచనలు నేపథ్యంలో వినబడతాయి. అలా తీసిన ముక్కను కంప్యూటరులో చూసుకున్నప్పుడు రంగమంతా చప్పబడిపోయింది. మాటలవే, గొంతు అదే, అయినా అతను గిరీశం కాడు. కారణమేమిటో పట్టుకున్నది మా దర్శకురాలే. మనసులో మాట వినిపించామంటే అది నిజమని ప్రేక్షకుడు నమ్ముతాడు, గిరీశం తనతో తాను మాట్లాడుకునేటప్పుడు కూడా నిజం చెప్పుకునే మనిషి కాడు, అక్కడ కూడా వేషమే వేస్తాడు అన్నది ఆమె. మేష్టారు ఆ మాటకు ఎంత సంతోషించారో చెప్పలేను. ముప్పయ్యేళ్లుగా పాఠం చెబుతున్నాను గాని ఇంత తేటగా నాకెప్పుడూ తోచలేదమ్మా అన్నారు.

అందువల్ల గిరీశం పైకే మాట్లాడాలి, ఎవరో ఒకరితో మాట్లాడాలి, ఆ ఎవరో ఒకరు కెమెరాయే కావాలి. అతను సరాసరి లెన్సులోకి చూస్తూ, మనల్ని తన జట్టులో చేర్చుకుంటూ, నడుస్తూ మాట్లాడతాడు. కెమెరా అతని ముందు వెనక్కి వెనక్కి నడవాలి. పట్టాలూ బండ్లూ మాకెక్కడివి? కెమెరా పట్టుకున్నవాడు వెనక్కి నడుస్తుంటే, ఒకడు వాడి చొక్కా వెనకనుంచి గుప్పిట పట్టుకుని, రాయి ఉన్నచోట ఎడమకో కుడికో మెల్లగా లాగుతూ దారి చూపేవాడు. మాట్లాడితే శబ్దంలో పడుతుంది కనుక ఆ లాగడమే వాళ్ల భాష. ఆ చిత్రంలో గిరీశం ముఖం కాస్త ఊగుతూ ఉంటుంది, ఎక్కడా జారిపోదు. అంతటి నేర్పు ఆ ఇద్దరికీ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

బొంకులదిబ్బ దగ్గరే తీయాలన్నది మా పట్టుదల. నాటకంలో అది సాయంకాలం. ఇప్పటి సాయంకాలంలో కోట చుట్టుపక్కల ఆటోలు, తోపుడుబళ్లు, బళ్లు విడిచిన పిల్లలు, అంగళ్ల దీపాలు తప్ప గిరీశానికి నిలబడే చోటైనా దొరకదు. ఏటా విజయదశమి దాటిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కోట దాకా మూడుసార్లు వచ్చి వెళ్లే దారులవి, మామూలు రోజున కూడా సందడికి తక్కువ ఉండదు. అందుకని తెల్లవారుజామున తీసి సాయంకాలమని చూపించాము. నీడల పొడవు రెండు పూటలా ఒకటే. రంగు మాత్రం వేరు. ఉదయపు వెలుతురు చల్లగా, కాస్త నీలంగా ఉంటుంది, దాన్ని తరువాత కంప్యూటరులో పసుపు వైపుకు తిప్పాలి. ఇంకొక చిక్కు ఏమిటంటే, సాయంకాలం వెలుతురు తగ్గుతూ పోతుంది, ఉదయం పెరుగుతూ పోతుంది. కథలో ముందు రావలసినదాన్ని చివర తీసి, చివరిదాన్ని చీకటి ఉండగానే మొదట తీయవలసి వచ్చింది. మా గిరీశం వెంకటేశంతో కలిసి ఊరు విడిచి వెళ్లే పన్నాగం ముందు నటించి, తన కష్టాలు చెప్పుకోవడం ఆఖరున నటించాడు. బీకాం చదువుతున్న ఆ కుర్రాడు అంతకుముందు వేదిక ఎక్కినవాడు కాడు, అయినా ఏ ముక్క ముందు తీస్తామన్నా దానికి తగిన అలసటనో హుషారునో ముఖంలోకి తెచ్చుకునేవాడు.

కోట గోడకు చేరువగా కెమెరాను పెట్టి చూసినప్పుడు నాకొక విషయం కనబడింది. 1713లో పునాది వేసిన ఆ కోట గోడను మేము చిన్నప్పటినుంచి దూరంగా, మొత్తంగా చూసినవాళ్లమే. లెన్సులోంచి చూస్తే ఒక్కొక్క రాయికీ ఒక్కొక్క రంగు ఉంది, రాళ్ల సందుల్లో వర్షాకాలపు నాచు మొలిచి ఉంది, మనుషుల భుజాలు ఆనే ఎత్తులో రాయి నున్నబడి ఉంది. గిరీశాన్ని సరిగ్గా అక్కడే భుజం ఆనించి నిలబడమన్నాము. ఊళ్లో పనిలేనివాళ్లందరూ ఆనిన చోటు అది. అతను వేరే నటించవలసిన అవసరం లేకపోయింది.

బంట్రోతు వేషానికి మాలో ఎవరూ సరిపోలేదు. గోదావరి జిల్లాలనుంచి వచ్చి చదువుకుంటున్న మిత్రుడొకడు ఎంతో సరదా పడి ప్రయత్నించాడు గాని, అతని నోట ‘ఏటి బాబూ’ అన్న మాట పలకలేదు. అప్పారావుగారు ఈ నాటకాన్ని మనుషులు మాట్లాడుకునే మాటల్లోనే రాశారని, విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తిగారు ఆ వాడుకభాష కోసమే జీవితమంతా పోరాడారని మేము పరీక్షలకు చదివినదే. ఆ చదివిన విషయం చెవికి ఎలా ఉంటుందో మాకు చూపించినవాడు, కెమెరా అద్దెకిచ్చిన స్టూడియోలో పనిచేసే కుర్రాడు. పెళ్లి ఆల్బములు ఇంటింటికీ చేరవేసి, మిగిలిన డబ్బు వసూలు చేసుకురావడం అతని ఉద్యోగం. వేషం వేస్తావా అని అడిగితే, నాకు నాటకాలేటి వొస్తాయి బాబూ అని సిగ్గుపడ్డాడు. నువ్వు రోజూ చేసే పనే చెయ్యి, ఎదటివాడు డబ్బివ్వకుండా మాటలు చెబుతాడు, నువ్వు వదలకు అన్నాము. అంతే. పుస్తకంలోని మాటలు ఒకసారి విని, తన మాటలుగా అనేశాడు. గిరీశం మాటల గారడీ చేస్తున్నంతసేపూ అతను చేయి చాపి అలాగే నిలబడి ఉంటాడు, చేయి దించడు. ఆ చేయి దించకపోవడం మేము చెప్పినది కాదు. చిత్రంలో గిరీశం గెలిచి అతన్ని వట్టిచేతులతో పంపించేసినా, చూసేవాళ్ల మనసు అతని వెంటే పోతుంది. రంగస్థలం మీద నవ్వి మరిచిపోయే పాత్ర అది.

బంట్రోతు అడిగే బాకీ ఏమిటి? గిరీశమూ మధురవాణీ కలిసి తీయించుకున్న ఫోటోల వెల. నాటకంలో ఆ ఫోటోల ప్రస్తావన మాటల్లోనే వచ్చి మాటల్లోనే పోతుంది. కెమెరాకు మాత్రం వస్తువు ఉంటే చూపించక తప్పదు. బంట్రోతు ఆ ఫోటో తీసి గిరీశానికి చూపిస్తే బాగుంటుందన్న ఆలోచన రాగానే, మధురవాణి ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఆ రంగంలో ఆమె లేదు. గిరీశం మాటల్లో మాత్రమే ఉంది, అతను చెప్పినట్లే ఉంది. మా దర్శకురాలు తానే మధురవాణిగా ఫోటో దిగుతానన్నది. ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్ల అమ్మగారి పట్టుచీరా కాసులపేరూ అడిగి తెచ్చుకున్నది. స్టూడియో యజమానిని మేము బాబాయ్ అని పిలిచేవాళ్లం, ఆయన అటకమీదనుంచి పాత రంగుల తెర ఒకటి దింపారు. స్తంభాలూ పూలతోటా మెట్లూ గీసిన ఆ తెర మడతల దగ్గర రంగు రాలిపోయి ఉంది. దాని ముందు నగిషీ కుర్చీ వేసి, గిరీశాన్ని కూర్చోబెట్టి, మధురవాణిని పక్కన నిలబెట్టి, ఇద్దరినీ కెమెరావైపు చూడమన్నారు బాబాయ్. ఆ కాలపు ఫోటోలన్నీ అలాగే ఉంటాయి.

ఆమె ఒప్పుకోలేదు. నేను కుర్చీలో కూర్చుంటాను, అతను నిలబడాలి, అతను కెమెరాను చూడాలి, నేను అతన్ని చూడాలి అన్నది. ఎందుకని అడిగితే, ఏడో అంకం చదివాం కదా అన్నది. మాకు అప్పుడు అర్థమైంది. నాటకం చివర వకీలు సౌజన్యారావు పంతులుగారింటికి మగవేషంలో వెళ్లినది, గిరీశం సంగతి బయటపెట్టినది మధురవాణే. అతన్ని ఆమె మొదటినుంచీ ఎరుగును. 1897లో అచ్చయిన మొదటి కూర్పును 1909లో అప్పారావుగారు దాదాపు కొత్తగా తిరిగి రాసినప్పుడు మధురవాణి ఎంతగానో పెరిగిందని మేష్టారు చెప్పేవారు. ఆ పెరిగిన మధురవాణి, బొంకులదిబ్బ దగ్గర గిరీశం తన గురించి కోతలు కోస్తున్నప్పుడు కూడా ఎక్కడో ఒకచోట ఉండి అతన్ని తూచుతూనే ఉండాలి. రంగంలో ఆమెకు మాట లేదు, ఫోటోలో ఆమెకు చూపు ఉంటుంది. అదే మా దర్శకురాలి ఆలోచన.

ఆ ఫోటోలో ఆమె నవ్వలేదు, కోపంగానూ లేదు. బజారులో కాసు తీసుకునే ముందు అది చెల్లుతుందా లేదా అని ఒక్క క్షణం వేళ్లమధ్య పట్టుకుని చూసేవాళ్ల చూపు అది. బాబాయ్ ఆ ఫోటోను ముదురు గోధుమరంగులో అచ్చువేసి, అట్ట అంటించి, అంచులను టీనీళ్లతో తడిపి ఆరబెట్టి ఇచ్చారు. చిత్రంలో అది మూడు నాలుగు క్షణాలకు మించి కనబడదు. గిరీశం దానిలో తన్ను తాను చూసుకుని కాలరు సర్దుకుంటాడు, ఆమె తనవైపు ఎలా చూస్తున్నదో గమనించడు. ఆ గమనించకపోవడాన్ని మా బీకాం మిత్రుడు ఎంత బాగా నటించాడో! నాటకంలో లేనిదాన్ని మేము చేర్చినది అదొక్కటే. చేర్చినదని కూడా నేననుకోను, ఏడో అంకంలో ఉన్నదే మొదటి అంకంలోకి వచ్చి కూర్చుంది.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. ఆ కెమెరాలో చిత్రం ఎంత చక్కగా వచ్చేదో మాట అంత పీలగా పడేది. సంభాషణలన్నీ తరువాత గదిలో చెప్పించి అతకవలసి వచ్చింది. కిటికీలకు బొంతలు కట్టి, తలుపు సందులో తువ్వాలు దూర్చినా, ఫ్యాన్లూ ఇరుగుపొరుగుల నీళ్ల మోటార్లూ వినబడుతూనే ఉండేవి. 2012లో రాష్ట్రమంతటా కరెంటు కోతలు తీవ్రంగా ఉండేవి. ఎడిటింగుకు కంప్యూటరు కావాలి కనుక మేము కోతలను తిట్టుకుంటూ ఉండేవాళ్లం. ఒక రాత్రి కరెంటు పోగానే ఊరంతా ఒక్కసారి సద్దుమణిగింది, రికార్డరు బ్యాటరీతో నడుస్తూనే ఉంది, కొవ్వొత్తి వెలుగులో కాగితం పట్టుకుని గిరీశమూ వెంకటేశమూ చెప్పిన మాటలు గాజులా పడ్డాయి. అప్పటినుంచి కోత వేళలను బట్టి డబ్బింగూ, కరెంటు ఉన్న వేళల్లో ఎడిటింగూ పెట్టుకున్నాము. వెంకటేశం గొంతు ఆ చీకట్లో మరింత బెదురుగా, మరింత చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది.

జయంతి నాడు కాలేజీ హాలులో తెర కట్టి వేశారు. కుర్చీలు చాలక గోడలవెంట నిలబడి చూశారు. గిరీశం లెన్సులోకి చూసి మొదటి మాట అనగానే హాలంతా నవ్వింది, ఆ నవ్వు అణగకముందే అతను తరువాతి మాట అందుకున్నాడు. మేష్టారు చూపించిన ఆ ఆగడం లెక్కపెట్టుకునే అతుకు వేశాము, అది నిజమైన ప్రేక్షకుల ముందు నిలబడింది. బంట్రోతు వచ్చినప్పుడు వెనక వరుసలోంచి ఈలలు పడ్డాయి, స్టూడియో కుర్రాడు తన స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోటో కనబడినప్పుడు నవ్వు ఒక్కసారి తెగి, ఆడపిల్లలు కూర్చున్న వైపునుంచి చప్పట్లు వచ్చాయి. మేము ఎదురుచూడని చప్పట్లు అవి. మేష్టారు చివర వేదిక ఎక్కి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు, దర్శకురాలిని పిలిచి, అప్పారావుగారి నాటకాన్ని చివరినుంచి మొదటికి చదివావమ్మా అన్నారు.

చదువులు అయ్యాక తలొకదారి అయ్యాము. గిరీశం బ్యాంకులో ఉన్నాడు, వెంకటేశం ఉపాధ్యాయుడయ్యాడు, స్టూడియో కుర్రాడు సొంతంగా స్టూడియో పెట్టుకున్నాడు, అట్ట అంటించిన ఆ ఫోటో అతని దగ్గరే ఉంది. దర్శకురాలు హైదరాబాదులో సీరియళ్లకు మాటలు రాస్తున్నది. మేష్టారు ఉద్యోగ విరమణ చేసి విజయనగరంలోనే ఉన్నారు, వెళ్లినప్పుడల్లా చిత్రం మరోసారి వేయించుకుని చూస్తారు.

ఆమె ఈమధ్య ఏడో అంకంలో సౌజన్యారావు పంతులుగారింటి రంగాన్ని తీయాలని రాత మొదలుపెట్టింది. సంభాషణలు కుదించే పని మళ్లీ నాకే పంపింది. మధురవాణి మగవేషం తీసేచోట మాటలు ఎన్ని ఉంచాలన్నది తేలింది. ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అన్న చివరి మాట దగ్గర మాత్రం మాకు పొత్తు కుదరలేదు. ఆ మాట గిరీశం నోట పలికించకుండా, అతని ముఖం మీద ముగించాలని ఆమె పట్టు. తెలుగువాళ్లందరూ ఆ మాట కోసమే కాచుకుని కూర్చుంటారు, దాన్ని దాచే హక్కు మనకు లేదని నా వాదన. పోయినవారం మేష్టారికి ఫోను చేసి తగవు తీర్చమన్నాము. మీ ఇద్దరూ వేసవిలో ఇక్కడికి రండి, ఏడంకాలూ మళ్లీ గొంతెత్తి చదివి అప్పుడు మాట్లాడుకుందాం అన్నారు. గిరీశం బ్యాంకుకు సెలవు పెట్టుకున్నాడు.